బొమ్మా బొరుసా: ఫోన్ చెప్పిందే వినాలా?

చిన్న చిన్న నిర్ణయాలకు ఫోన్‌లో కాయిన్ టాస్ టూల్ వాడొచ్చా, అది నిజాయితీగానే వేస్తుందా అని అడిగారు. రెండేళ్లుగా వాడుతున్నా కాబట్టి నా అనుభవం చెబుతాను.

నిజాయితీ సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. లోపల నాణెం ఏమీ ఉండదు. ప్రోగ్రాం ఏదో ఒక అంకె తీసి దాన్నిబట్టి బొమ్మో బొరుసో చూపిస్తుంది. గిరగిరా తిరగడమంతా మన తృప్తి కోసమే. ఆ మాటకొస్తే అసలు నాణేనికే కాస్త మొగ్గుంది. కొందరు పరిశోధకులు ఓపిగ్గా 3,50,757 సార్లు ఎగరేసి 2023లో లెక్క బయటపెట్టారు: ఎగరేసేముందు పైన ఉన్న వైపే 50.8 శాతం సార్లు పడిందట. వరసగా ఐదుసార్లు బొమ్మే పడితే టూల్‌ని తిట్టకండి, 32లో ఒకసారి అలా పడటం మామూలే.

నాకు తంటా వచ్చింది వేరేచోట. ఒకరోజు బొమ్మ పడితే అల్మారా సర్దడం, బొరుసు పడితే ఎన్నాళ్లనుంచో నానుస్తున్న ఫారం నింపడం అనుకున్నా. బొరుసు. "ఇది ట్రయల్‌లే" అని మళ్లీ నొక్కా. బొరుసే. సరే, ఐదింట్లో మూడు అన్నా. బొమ్మ, బొమ్మ... ఆఖరుది మళ్లీ బొరుసు. ఫోన్ పక్కన పడేసి వెళ్లి అల్మారా సర్దుకున్నా!

నిజం నాణెమైతే వంగి ఏరుకోవాలి, ఈలోగా సిగ్గేస్తుంది. ఇక్కడ బొటనవేలు బటన్ మీదే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఒక్కసారే నొక్కి ఫోన్ బోర్లా పెట్టేస్తా. మళ్లీ నొక్కాలనిపిస్తే మనసు కోరేది రెండోదే, అది చేసెయ్యమంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఆ రోజు నా మనసు కోరింది తప్పించుకోవడం, అంతే. రెండిట్లో ఏది చేసినా నష్టం లేనప్పుడే టాస్ వెయ్యండి. ఒకటి చేసి తీరాల్సిన పనైతే అసలు టాస్ దాకా రానివ్వకండి. నా ఫారం అలాంటిదే.

ఇద్దరి మధ్య తేల్చాలంటే ఇంకో చిక్కు. "బొరుసు పడిందిరా, ఈసారి నీ వంతే" అని ఫోన్‌లో అంటే మా తమ్ముడు "స్క్రీన్ నీ దగ్గరుంది, నేనెలా నమ్మాలి?" అంటాడు. వాడన్నదాంట్లో న్యాయం ఉంది. ఫోన్‌లో మాట్లాడుకుంటూ మోసం లేకుండా టాస్ వేయడమెలా అని మాన్యుయెల్ బ్లమ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1981లోనే పేపర్ రాశాడు. మాకు అంత గణితం రాదు. వీడియో కాల్‌లో ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం ఒకేసారి వేళ్లు చూపిస్తాం. కలిపితే సరి వస్తే వాడు, బేసి వస్తే నేను. నెట్ ఆగి ఆగి వచ్చిన రోజు మాత్రం, నా వేళ్లు చూశాకే వాడు చూపించాడని గొడవ.