చవక అకూస్టిక్ బాస్‌కి ఇంట్లోనే ఫ్రెట్లు తీసేయొచ్చా? మా వరండాలో జరిగింది చెబుతాను

"సెకండ్ హ్యాండ్‌లో కొన్న చవక అకూస్టిక్ బాస్ గిటార్ ఉంది. ఇంట్లోనే ఫ్రెట్లు పీకేసి ఫ్రెట్‌లెస్ చేసుకోవచ్చా, లేక వాయిద్యం పాడైపోతుందా?" అని అడిగారు.

చేసుకోవచ్చు. ఫ్రెట్లంటే మెడ మీద అడ్డంగా దిగి ఉండే సన్నటి లోహపు మెట్లు. నేను చేశాను, నాలుగేళ్లుగా దాన్నే వాయిస్తున్నాను. కానీ అందరూ పీకడం గురించే అడుగుతారు. పీకాక మిగిలే సందుల సంగతి ఎవరూ అడగరు. నా బాస్ మెడ వంగింది ఆ సందుల వల్లే.

మాది తిరుపతి, కొర్లగుంట. పగలు ఉద్యోగం, సాయంత్రాలు ఒక కీర్తనల బృందంలో బాస్. మేం పాడేవాటిలో ఎక్కువ అన్నమయ్యవే. గాయకులు సంగీతం గట్టిగా నేర్చుకున్నవాళ్లు. వాళ్లు తోడి రాగం ఎత్తుకుని గాంధారాన్ని ఊపుతుంటే, నా బాస్ ఒక ఫ్రెట్ మీద మేకు కొట్టినట్టు నిలబడిపోయేది. కర్ణాటక సంగీతంలో తోడి గాంధారం ఒక చోట కుదురుగా ఉండే స్వరం కాదు, కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. ఫ్రెట్ల మీద వేలు జార్చితే ఆ ఊపు రాదు, మెట్లెక్కుతున్నట్టు టకటకమని ముక్కలుగా వినిపిస్తుంది. వయొలిన్ ఆమె ఒకసారి మర్యాదగానే అడిగింది, "అన్నా, ఈ చరణంలో మీరు కొంచెం ఆపుతారా?" అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్వరం తప్పుగా వాయిస్తే దిద్దుకోవచ్చు. నేను సరిగ్గా వాయించడమే అక్కడ అడ్డం వస్తోంది.

మా అక్క వీణ వాయిస్తుంది. ఫ్రెట్లు పీకుతానంటే ఒప్పుకోలేదు. "వీణకి ఇరవై నాలుగు మెట్లున్నాయి గదరా. మెట్లుంటే గమకం పలకదని ఎవరు చెప్పినారు నీకు? మాండలిన్ శ్రీనివాస్ ఫ్రెట్లున్న వాయిద్యం మీదే కదా అంత సంగీతం వాయించినాడు?" అంది. దీనికి జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ ప్రశ్న మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతారు. వీణలో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, చాలావరకు తీగని మెట్టు మీద పక్కకి లాగడం వల్ల వస్తుంది. తీగ సన్నం, మెట్టు ఎత్తు, లాగితే వస్తుంది. బాస్‌లో లావు తీగ దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అది వేలితో లాగితే ఒక అరస్వరం కదలడమే కష్టం, వేలు మాత్రం కదుము కడుతుంది. కాబట్టి బాస్‌లో గమకం కావాలంటే జారుడే గతి, జారాలంటే నేల నున్నగా ఉండాలి. మన సంగీతానికి తోడుగా బాస్ వాయించేవాళ్లంతా ఫ్రెట్‌లెస్సే వాయించాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరితోనైనా వాదిస్తాను.

పైగా ఇదేమీ కొత్త విద్య కాదు. రోలింగ్ స్టోన్స్‌లో బాస్ వాయించిన బిల్ వైమన్ 1961లో ఒక చవక సెకండ్ హ్యాండ్ బాస్ తీసుకుని, కొత్త ఫ్రెట్లు వేద్దామని పాతవి పీకాడు. అలాగే బాగుందనిపించి వదిలేశాడు. ఇక ఫ్రెట్‌లెస్ బాస్‌కి పేరు తెచ్చిన అమెరికన్ జాకో పాస్టోరియస్ అయితే తన ఫెండర్ జాజ్ బాస్‌ ఫ్రెట్లు తీసిన సందుల్లో వుడ్ పుట్టీ నింపి, పైన పడవలకి వేసే ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు) పూత పూశాడు. నేను ఈ కథలో పుట్టీ దాకా విని, ఎపాక్సీ దగ్గర చెవులు మూసుకున్నాను. నష్టం అక్కడ జరిగింది.

నా బాస్ చదువు అయిపోయి ఊరెళ్లిపోతున్న ఒక ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర 6,500కి కొన్నది. తీగ పొడవు 34 అంగుళాలు, 22 ఫ్రెట్లు. ఫ్రెట్లు పీకిన ఆదివారమే అక్క వీణకి మేళం కట్టడానికి ఒక పెద్దాయన వచ్చాడు. తేనెమైనంలో నల్లపొడి కలిపి, మెత్తగా చేసి, దిమ్మెలాగా కట్టి, దాని మీద ఇత్తడి మెట్లని ఒక్కొక్కటిగా స్వరం చూసుకుంటూ కూర్చోబెడుతున్నాడు. అదే వరండాలో ఇవతలి కొసన నేను సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని ఫ్రెట్లు పీకుతున్నాను. ఆయన కాసేపు చూసి, "ఏమి నాయనా, మెట్లు పీకేస్తా ఉండావే?" అన్నాడు.

"అవును పెద్దాయనా. గమకం పలకడంలేదు."

"పీకేది ఎవురైనా పీకుతారు. ఆ సందుల్లో ఏం పెడతావు?"

పుట్టీ డబ్బా చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, మూత తీసి వాసన చూసి, కింద పెట్టేశాడు. "ఈ పిండి బిగువు మోయదు నాయనా. చెక్కకు చెక్కే పెట్టల్ల" అని మళ్ళీ తన మైనం పనిలో పడ్డాడు. గిటార్ గురించి ఆయనకేం తెలుసు అనుకున్నాను. అది నా పొరపాటు.

పీకడం ఎలాగో చెబుతాను, అది తేలిక. ముందు తీగలు కొద్దికొద్దిగా వదులు చేసి తీసేయాలి. ఫ్రెట్‌కి రెండు పక్కలా పదునైన బ్లేడుతో సన్నగా గీత గీయాలి. సోల్డరింగ్ ఐరన్‌ని ఫ్రెట్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా నడిపితే అడుగున జిగురు ఉంటే మెత్తబడుతుంది. మేకులు పీకే పటకారు ముఖాన్ని వెల్డింగ్ షాపులో రాయి మీద చదునుగా అరగదీయించుకోండి. లేకపోతే అది ఫ్రెట్ కిందికి దూరదు. ఆ పటకారుతో ఒక చివర పట్టి, లాగకుండా, నొక్కుతూ నొక్కుతూ ముందుకి జరగాలి. ఫ్రెట్ అడుగున చెక్కలోకి దిగే పట్టీకి చిన్న చిన్న ముళ్లుంటాయి. గబుక్కున పైకి లాగితే అవి చెక్కని పెళ్లలుగా లేపుతాయి. నాకు ఏడో ఫ్రెట్ దగ్గర బియ్యపు గింజంత పెళ్ల లేచింది. దాన్ని వెతికి పట్టుకుని ఫెవిక్విక్ చుక్కతో అక్కడే అతికించాను. లేచిన ఏ ముక్కనీ పారేయొద్దు, నేల ఊడ్చనివ్వొద్దు. 22 ఫ్రెట్లకి నాకు మూడు గంటలు పట్టింది. ఇంటర్నెట్ వీడియోల్లో పది నిమిషాల్లో పీకి చూపిస్తారు. ఆ పది నిమిషాల మనుషులు రెండు నెలల తర్వాత ఆ మెడ ఎలా ఉందో ఎప్పుడూ చూపించరు, నాకు దాని మీదే కోపం.

పుట్టీ నింపాను, ఆరింది, రుద్దాను, నున్నగా మెరిసింది. తీగలు ఎక్కించి శ్రుతి చేశాను. మొదటి రోజు బ్రహ్మాండం. నాలుగో రోజుకి తీగలు మధ్యలో లేచిపోయాయి. 12వ ఫ్రెట్ ఉన్నచోట తీగ కింద నా చిటికెన వేలు దూరుతోంది. మెడ ముందుకి వంగింది.

ఎందుకు వంగిందో తర్వాత అర్థమైంది. నాలుగు తీగలూ కలిపి మెడని 70 కిలోలకి అటూఇటూ బలంతో లాగుతుంటాయి. ఫ్రెట్లు సందుల్లో బిగుతుగా దిగి, చిన్న చిన్న చీలల్లాగా ఆ లాగుడుకి ఎదురు నిలబడతాయి. 22 చీలలు ఒక్కసారిగా తీసేసి మెత్తటి పిండి పెడితే, తీగ లాగినప్పుడల్లా ఆ సందులు కొంచెం కొంచెం మూసుకుంటాయి. ఒక్కో సందు వెంట్రుకవాసే, కానీ 22 చోట్ల వెంట్రుకవాసి కలిస్తే మెడ వంగుతుంది. పెద్దాయన వాసన చూసి చెప్పింది ఇదే.

మళ్ళీ తీగలు విప్పాను. బ్లేడుతో పుట్టీ అంతా గీకి గీకి తీశాను, ఇది పీకడం కన్నా నాలుగింతల పని. ప్లైవుడ్ పని చేసే మేస్త్రీ దగ్గర వెనీర్ (పలుచటి చెక్క పొర) ముక్కలు ఊరికే దొరికాయి. ఫ్రెట్ సందు వెడల్పు 0.6 మి.మీ. దగ్గర ఉంటుంది, వెనీర్ అర మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. పట్టీలుగా కోసి, ఫెవికాల్ రాసి దింపితే సరిగ్గా కూర్చుంటాయి. వేలితో నొక్కితే దిగాలి. సుత్తి అవసరం పడిందంటే పట్టీ మరీ బిగువు, అప్పుడు మెడ వెనక్కి వంగుతుంది. లేత రంగు వెనీర్ పెట్టాను, ఫ్రెట్ ఉన్న ప్రతి చోటా తెల్ల గీత కనిపిస్తుంది. గీతలు లేకుండా వాయించడమే మగతనం అన్నట్టు మాట్లాడేవాళ్లుంటారు. వినకండి. స్టేజి మీద లైట్లు మారుతుంటే ఆ గీతలే దిక్కు.

ఒక స్నేహితుడు ఎర్రచందనం పట్టీలు పెట్టమన్నాడు, అందంగా ఉంటుందని. శేషాచలం కింద ఉన్నాం కదా, ఎక్కడైనా దొరుకుతుందని ఆయన ధీమా. కాగితాలు లేని ఎర్రచందనం పుల్ల కూడా నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఆ చెట్టు మన కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెద్దగా పెరగదు. దాన్ని దొంగతనంగా నరికి జపాన్ వాయిద్యాలకనీ ఇంకోదానికనీ దేశాలు దాటిస్తుంటే, పట్టుబడేది పూటకి కూలికొచ్చినవాళ్లు. అడిగారు కాబట్టి కాదు, ఈ మాట చెప్పకుండా ఉండలేను.

పట్టీలు ఆరాక రుద్దడం. తాపీ మేస్త్రీలు వాడే రెండడుగుల రసమట్టానికి ఉప్పుకాగితం అతికించి, తీగలు వెళ్లే దారిలోనే పొడుగ్గా రుద్దాలి. ఫింగర్‌బోర్డ్ (మెడ మీద వేళ్లు నొక్కే పలక) అడ్డంగా కొంచెం గుండ్రంగా ఉంటుంది, దాన్ని బల్లపరుపు చేసేయకూడదు. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, 400, 600 దాకా వెళ్లాను. తర్వాత పైన పలుచగా ఎపాక్సీ, మూడు పూతలు, ఒక్కో పూతకి ఒక రోజు. పూత ఆరేటప్పుడు ఫ్యాన్ వేయొద్దు, దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఎలాగో నన్నడగండి. చలికాలంలో పెట్టుకోండి ఈ పని.

ఇంకో రెండు పనులు చాలామంది మరిచిపోతారు. ఫ్రెట్లు పోయాయంటే వాటి ఎత్తు పోయింది, తీగలు ఆ మేరకు పైన ఉండిపోతాయి. కాబట్టి నట్ (మెడ పైచివర తీగలు ఆనే ముక్క) గాళ్లు లోతు చేయాలి. అక్కడ తీగ కింద ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందు చాలు. తర్వాత బ్రిడ్జిలో (పెట్టె మీద తీగలు ఆనే చోట) ఉండే తెల్లటి శాడిల్‌ని అడుగున అరగదీయాలి. 12వ చోట తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. అడుగు ఏమాత్రం వంకరగా అరిగినా కింద ఉన్న పికప్ (తీగ శబ్దాన్ని స్పీకర్‌కి పంపే భాగం) ఒక తీగని గట్టిగా, ఇంకో తీగని సన్నగా పలికిస్తుంది. పికప్ లేని బాస్ అయితే బృందంలో వాయించాలన్న ఆశ వదులుకోండి. కింది తీగ పలికేది సెకనుకి 41 కంపనాల దగ్గర. ఆ స్వరాన్ని మోయాలంటే నిలబెట్టి వాయించే డబుల్ బాస్ అంత పెట్టె కావాలి, గిటార్ అంత పెట్టె చాలదు.

తీగలు మార్చక తప్పదు. అకూస్టిక్ బాస్‌తో వచ్చే కంచు చుట్టిన గరుకు తీగలు ఆకురాయిలాగా ఫింగర్‌బోర్డ్‌ని కోసేస్తాయి. పైన నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ గానీ, నల్లటి నైలాన్ చుట్టిన తీగలు గానీ వేయాలి. అవి నాకు ఈ ఊళ్లో దొరకలేదు. గిటార్ తీగలు అడిగితే మూడు రకాలు చూపిస్తారు. బాస్ తీగలు అంటే "గిటార్ తీగలే వేసుకో సార్" అంటారు. ఇంత సంగీతం జరిగే ఊళ్లో, సంగీత కళాశాల ఉన్న ఊళ్లో, నాలుగు తీగల కోసం చెన్నై బస్సెక్కాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే. మా కార్యక్రమాల్లో సౌండ్ పెట్టే తమ్ముళ్లకీ ఒక విన్నపం: బాస్ అంటే గుండెలదిరే మోత కాదు. సబ్‌వూఫర్ అంత పెంచితే నేను పలికించిన గమకం అందులో మునిగిపోతుంది.

వాయించడం గురించి ఒక్కటే. ఫ్రెట్లున్నప్పుడు వేలు ఫ్రెట్‌కి వెనక పెడతాం, ఇప్పుడు సరిగ్గా గీత మీదే పెట్టాలి. నా బాస్‌లో నట్ నుంచి మొదటి గీతకి 48 మి.మీ. 12వ గీత దాటాక అదే అరస్వరం 24 మి.మీ.లోకి కుదించుకుపోతుంది. పైకి వెళ్లేకొద్దీ వేలు తప్పిందంటే రెట్టింపు అపస్వరం. మొదటి మూడు నెలలు తంబూర శ్రుతి పెట్టుకుని స, ప మాత్రమే పట్టాను. మూడు నెలలూ ఇంట్లోవాళ్లు ఓపిక పట్టారు.

మరుసటి ఏడు మేళానికి పెద్దాయన మళ్ళీ వచ్చాడు. బాస్ తెచ్చి ఇచ్చాను. తీసుకోలేదు, మెడ మీద బొటనవేలు పెట్టి పై నుంచి కింది దాకా ఒకసారి నడిపాడు. "సందు తగలడంలే" అన్నాడు. తోడి గాంధారం పలికించాను. ఇంకోసారి పలికించమన్నాడు. లోపల్నుంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఇప్పుడు మీ బాస్ సంగతి. మెడ చివర గానీ, సౌండ్ హోల్‌లో గానీ షట్కోణపు తాళంచెవి పట్టే రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే లోపల ట్రస్ రాడ్, అంటే మెడ వంపు సర్దే కడ్డీ, ఉన్నట్టే, మెడ కాస్త అటూఇటూ అయినా పావు తిప్పు చొప్పున సర్దుకోవచ్చు. లేకపోతే మాత్రం పటకారు పట్టుకోకండి, ముందు ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.