సాంబారు ఫోటో పెడితే ఉద్యోగం తీసేస్తారా?

ప్రశ్న: పైడిభీమవరం ప్రాంతంలోని ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ విభాగంలో నాలుగేళ్ళుగా ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. జీతం నెలకు 16,500 రూపాయలు. గత నెల నైట్ షిఫ్టులో క్యాంటీన్ సాంబారును ఫోటో తీసి, ‘ఇదేటి, సాంబారా? కుడితా?’ అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మరునాడు, ఓవర్‌టైముకు కూడా మామూలు రేటే కడుతున్నారన్న కోపంతో ఫేస్‌బుక్‌లో మా ప్లాంటు మేనేజరును ‘దొంగ’ అని రాశాను. తోటి ఉద్యోగి ఎవరో రెండింటికీ స్క్రీన్‌షాట్లు తీసి హెచ్‌ఆర్‌కు పంపారు. మూడో రోజు ఉదయం గేటు దగ్గర వేలిముద్ర యంత్రం మీద వేలు పెడితే ఎర్ర దీపం వెలిగింది. సెక్యూరిటీ ఆయన నా వంక చూడకుండా, ‘నీ పేరు తీసేసినారు బాబూ, ఆఫీసులో కనుక్కో’ అన్నాడు. ఆఫీసులో తెల్ల కాగితం ముందు పెట్టి, రాజీనామా రాస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తామనీ, రాయకపోతే తొలగించి సైబర్ కేసు పెడతామనీ చెప్పారు. రెండు రోజులు గడువు అడిగి వచ్చేశాను. ఏం చేయమంటారు?
— పేరు రాయవద్దు, రణస్థలం మండలం

జవాబు: గడువు అడిగి, సంతకం పెట్టకుండా బయటికి రావడం మీరు చేసిన మంచి పని. రాజీనామా రాశారంటే మిమ్మల్ని ఎవరూ తొలగించలేదని, మీ ఇష్టంతో మీరే మానుకున్నారని అర్థం. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. నాలుగు గోడల మధ్య జరిగిన మాటకు సాక్ష్యం దొరకడం కష్టం. కాబట్టి మొదట చేయవలసింది ఒక ఉత్తరం రాయడం. ఫలానా తేదీన డ్యూటీకి వచ్చాననీ, గేటు దగ్గర ఆపేశారనీ, రాజీనామా రాయమన్నారనీ, తాను రాజీనామా చేయడం లేదనీ, పనికి సిద్ధంగా ఉన్నాననీ ఆ ఉత్తరంలో ఉండాలి. దానిని కంపెనీకి ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపి, పోస్టాఫీసు రసీదు భద్రపరచండి. ఇది ఆలస్యమైతే, చెప్పకుండా డ్యూటీ మానేశారని మీ మీదే ఆరోపణ రాగలదు. ఈ రకం తగాదాల్లో తరచూ జరిగేది అదే.

మీరు పెట్టిన రెండు పోస్టులను విడివిడిగా చూడాలి. నూరుమంది, అంతకు మించి కార్మికులున్న చోట క్యాంటీన్ నడపడం చట్టం యాజమాన్యానికి పెట్టిన బాధ్యత. అక్కడి తిండి బాగా లేదని చెప్పడం కార్మికుడి సహజమైన ఫిర్యాదు. కుడితి అన్న పోలిక మీ మేనేజరుకు నచ్చకపోవచ్చు గాని, గేదెలున్న ఇంట్లో పెరిగినవాడికి అంతకన్న దగ్గరి మాట దొరకదు. దానికి ఉద్యోగం తీసేయడం అతి శిక్ష అని వాదించడానికి మీకు బలమైన అవకాశం ఉంది. ఫోటోలో యంత్రాలో, బ్యాచ్ వివరాలో, ఫోన్లు నిషేధించిన విభాగమో కనిపిస్తే మాత్రం వ్యవహారం వేరుగా ఉంటుంది. మీ ఫోటోలో ప్లేటు ఒక్కటే ఉందేమో ఒకసారి చూసుకోండి.

‘దొంగ’ అన్న మాట దగ్గరే మీ కాలు జారింది. ఓవర్‌టైముకు మామూలు రేటుకు రెట్టింపు కట్టాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. ‘మాకు రెట్టింపు రేటు రావడం లేదు’ అని రాసి ఉంటే మీ మాటకు మీ పే స్లిప్పులే సాక్ష్యం చెప్పేవి. ఒక మనిషిని దొంగ అన్నందువల్ల చర్చ ఓవర్‌టైము మీద నుంచి మీ నోటి మీదకు మళ్ళింది. అదే ఫిర్యాదును శ్రీకాకుళంలోని కార్మిక శాఖ కార్యాలయంలో కాగితం మీద ఇచ్చి ఉంటే, మిమ్మల్ని తొలగించడానికి కంపెనీ ఇంకో సాకు వెతుక్కోవలసి వచ్చేది.

సైబర్ కేసు బెదిరింపు గురించి. ఆన్‌లైన్‌లో ‘అభ్యంతరకరమైన’ రాతలకు అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. ప్రజల మేలు కోరి చెప్పిన నిజం దాని కిందికి రాదు, కానీ ‘దొంగ’ అన్న మాటను నిజమని నిరూపించడం మీ వల్ల కాదు. ఆ ఒక్క మాటను తీసేసి, దానికి విచారం తెలుపుతూ ఒక వాక్యం రాసి ఇవ్వడానికి వెనుకాడకండి. ఫిర్యాదును వెనక్కి తీసుకోకుండానే మాటను వెనక్కి తీసుకోవచ్చు. రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వానికి పెట్టిన కట్టడి గనుక, దానిని నేరుగా ప్రైవేటు యాజమాన్యం మీద ప్రయోగించలేరు. ఇక స్క్రీన్‌షాట్ తీసిన మిత్రుడి మీద కోపం వదిలేయండి. మీరు చూపించిందే ఆయన ఇంకొకరికి చూపించాడు.

మీకు నిజంగా అండగా నిలిచేది తొలగింపు పద్ధతి. ఆరోపణ ఏమిటో రాతలో చెప్పి, సంజాయిషీ అడిగి, విచారణ జరిపి, సాక్షులను ప్రశ్నించే అవకాశం మీకు ఇవ్వాలి. యంత్రంలో పేరు తుడిచేయడం విచారణ అనిపించుకోదు. విచారణ పూర్తయ్యేదాకా సస్పెన్షన్‌లో ఉంచితే, మొదటి 90 రోజులు వేతనంలో సగం, జాప్యం మీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవన భృతిగా చెల్లించాలి. ఏ ఆరోపణా లేకుండా ‘మీ సేవలు అవసరం లేదు’ అని కాగితం ఇస్తే, అది ఇంకో రకం తొలగింపు. దానికి నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం, పూర్తి చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి. బ్యాంకు ఖాతాలో ఏదైనా సొమ్ము పడితే, హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నానని వెంటనే మెయిల్ పెట్టండి.

ఇంకొక సంగతి. మీ పే స్లిప్పు మీద కంపెనీ పేరు ఉందా, కాంట్రాక్టరు పేరు ఉందా? కాంట్రాక్టరు పేరు ఉంటే ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి.

2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. పర్యవేక్షక హోదాలో 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవారు అందులో ‘కార్మికులు’ కారు. ఆపరేటర్‌కు ఆ పరిమితి వర్తించదు. తొలగింపు మీద మొదట కార్మిక శాఖలోని రాజీ అధికారి ముందుకు వెళ్ళాలి. అక్కడ తేలకపోతే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు; తొలగించిన నాటి నుంచి దానికి పాత చట్టంలో మూడేళ్ళ గడువుండేది, ఇప్పుడు రెండేళ్ళే. మన జిల్లాల వాళ్ళకు ఈ పని మీద విశాఖపట్నం ప్రయాణం తప్పదు. శిక్ష తప్పుకు మించి ఉందనిపిస్తే దానిని తగ్గించి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. వకీలు ఖర్చుకు భయపడకండి. ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితాలో పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారు. 15100కు ఫోన్ చేసినా, శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగినా దారి చూపిస్తారు. ఈలోగా ఈ గొడవ గురించి కొత్త స్టేటస్ ఏదీ పెట్టకండి.

ప్రశ్న: విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. వేసవి సెలవుల జీతం ఎగ్గొట్టారని ఇన్‌స్టాగ్రామ్‌లో మారుపేరుతో రాశాను. కరస్పాండెంట్ గారికి నా మీద అనుమానం. పోస్టు తీసేయనా?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ దారి పై సోదరుడి దారి కాదమ్మా. ఉపాధ్యాయులు కార్మిక చట్టం చెప్పే ‘కార్మికులు’ కారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. అయితే 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆరోపణ చెప్పకుండా, విచారణ జరపకుండా సిబ్బందిని తీసేయడానికి వీల్లేదు. పోస్టును తీసేయవచ్చు గాని, ముందు తేదీ, కామెంట్లతో సహా కాపీ దాచుకోండి. వాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్ ఉండి మీ దగ్గర లేకపోతే, అందులో మీరు రాయని మాట చేర్చినా పట్టుకోలేరు. స్టాఫ్ రూములో నలుగురి ముందు ‘రాసింది నువ్వేనా’ అని అడిగితే, రాతపూర్వకంగా అడగమని మర్యాదగా చెప్పండి. రాతలో అడిగితే మాత్రం కాదని అబద్ధం రాసి ఇవ్వకండి. జీతం ఎగ్గొట్టిన నెలల లెక్క వేసి, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి, ఆ సమాధానంలోనే బకాయి అడగండి.