పిల్లలకు గుర్తుండని టీచరమ్మ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మీ ఊరి బాలవాడి, అదే అంగన్‌వాడీ, టీచరమ్మ మీద పుస్తకం రాయాలనుకోవడం మంచి ఆలోచన. 1986లో చేరి 2024లో దిగిపోయేదాకా, ఒకే ఊళ్లో, ఐదేళ్లు నిండని పిల్లల మధ్య ముప్పై ఎనిమిదేళ్లు గడిపిన మనిషి. ఆ బతుకు చేజారిపోకూడదనే మొహమాటం లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీ మొత్తం కొట్టేయ్. త్యాగమూర్తి, చిన్నారుల బతుకుల్లో వెలుగు నింపిన దీపం, ఇవన్నీ సన్మానపత్రం మాటలు. శాలువా కప్పిన పూట చదివి, మడిచి బీరువాలో పెట్టేస్తారు. పేరు మార్చి పక్క ఊరి టీచరమ్మకిచ్చినా సరిపోతాయి.

నీకున్న అసలు చిక్కు వేరు. ఒకటో తరగతి మాస్టారు మనకు గుర్తుంటారు, ఆయన బెత్తంతో సహా. మూడేళ్లప్పుడు ముక్కు తుడిచి, బువ్వ కలిపి పెట్టి, ఏడుస్తుంటే ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి గుర్తుండదు. ఆ వయసు జ్ఞాపకాలు నిలవవు. ఆమె చేతిలో పెరిగినవాళ్లను అడిగితే "మంచావిడండీ, పిండి పెట్టేది" అని ఆగిపోయారని రాశావు. వాళ్లు ఆగిపోక ఏం చేస్తారు? రెండో అధ్యాయం పలచబడింది అందుకే. ఆమె చేసిన పనికి సాక్షులు తల్లులు, మామ్మలు. రిజిస్టర్లు ఉన్నాయి. అందరికంటే ముందు ఆయా ఉంది.

ఆయా సంగతి నా అనుభవంతో చెబుతాను. చాలా ఏళ్ల కిందట చీపురుపల్లి వైపు ఒక సెంటరు టీచరు మీద వ్యాసం రాశాను. అచ్చయ్యాక తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "మా ఆయమ్మేదీ బాబూ?" అంది. ఇద్దరూ ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశారు. పొద్దున్నే గడపగడపకీ వెళ్లి పిల్లల్ని చంకనేసుకొని తెచ్చింది ఆయా. పొయ్యి ముట్టించింది, పాడైన లాగులు ఉతికింది ఆయా. నేను మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ మంచినీళ్లు ఇచ్చింది. నేను ఆమె పేరైనా అడగలేదు. ఆ వ్యాసం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నువ్వు రేపే వెళ్లి మీ ఊరి ఆయా పక్కన కూర్చో.

"ప్రతినెలా పిల్లల బరువు తూచేది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు అక్కడే ఒక పూర్తి పేజీ కావాలి. పనస కొమ్మకి వేలాడే కాటా. కాళ్లు దూరడానికి రెండు కన్నాలున్న సంచి. అందులో గుంటడు గాల్లో కాళ్లు తన్నుకుంటూ గుక్కపెట్టి ఏడుస్తాడు. ఏడుస్తున్నంతసేపూ ముల్లు నిలవదు. టీచరమ్మ రెండు అరచేతులూ వాడి కిందుగా పెడుతుంది, పడితే పట్టుకునేలా. తగలనివ్వదు. తగిలితే బరువు తప్పొస్తుంది. వాడు ఊపిరి తీసుకోడానికి ఆగిన ఆ ఒక్క క్షణంలో ముల్లు నిలుస్తుంది, ఆమె చదివేస్తుంది. తల్లి మాత్రం ముల్లు వైపు చూడదు, టీచరమ్మ మొహం చూస్తుంది. ఆ తరవాత పుస్తకంలో చుక్క పెట్టడం. చుక్క ఆకుపచ్చ పట్టీలోంచి పసుపులోకి జారితే, అంటే వయసుకి తగ్గ బరువు లేకపోతే, తల్లికి ఆ మాట ఎలా చెప్పేది? అందరి ముందా, పక్కకి పిలిచా? అది అడుగు.

ఆ చుక్కల మధ్య ఖాళీలు కూడా చూడు. తల్లిదండ్రులు ఇళ్ల పనులకి హైదరాబాదు వెళ్తూ పిల్లని వెంట తీసుకుపోయిన నెలలు అవి. సంక్రాంతికి తిరిగొచ్చాక పెట్టిన చుక్క ఎక్కడుంటుందో చూస్తే, మన జిల్లా వలస గురించి నువ్వు మూడు పేజీల్లో రాసిందంతా అక్కడే ఉంటుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటి మీ కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి కదా. ఆ పనస చెట్టు నిలిచిందా? పడిపోతే ఆ నెల కాటా ఎక్కడ కట్టారు? వాయుగుండం వర్ణన కంటే నాకు ఇదే ముఖ్యం.

చదువు సంగతి నువ్వు దాదాపు వదిలేశావు. బాలవాడి అంటే పిండి పంచే చోటని ఊరు అనుకుంటే అనుకోనీ, నువ్వు అనుకోకూడదు. ఆమె చింతపిక్కల గుట్ట పోసి పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేరు చేయించేదని రాశావు. అదే లెక్కలకి మొదలు. రెండువేళ్లతో పిక్క పట్టుకోవడం వస్తేనే రేపు బలపం పట్టుకోవడం వస్తుంది. జీడిపిక్కలు ఊరంతా దొరికినా పిల్లల చేతికి ఇవ్వదు, జీడి తగిలితే చర్మం పొక్కిపోతుంది. ఆ పిల్లల తల్లులు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసి నల్లబడిన వేళ్లతో సాయంత్రం వచ్చి పిల్లల్ని ఎత్తుకునేవారు. ఈ రెండు చేతుల్నీ ఒకే పేజీలో పెట్టు. తరవాత ఊళ్లోకి కాన్వెంటు వ్యాను వచ్చింది. "ఏబీసీడీలు సెప్పదు, ఆటలాడిస్తాది" అని ఆమెను ఆడిపోసుకున్నారు. ఆ ఏడాది హాజరుపట్టీ తెరిచి, ఎంతమంది మిగిలారో లెక్కపెట్టు.

జీతం గురించి. 1975 అక్టోబర్ 2న దేశమంతటా 33 ప్రాజెక్టులతో ఈ అంగన్‌వాడీల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు టీచరుకిచ్చింది నెలకి వంద, చదువును బట్టి నూట యాభై. దానికి గౌరవ వేతనం అని పేరు. ఆమె చేరేనాటికి ఎంతో ఆమె నోటనే విను. మన రాష్ట్రంలో 2019లో అది 11,500 అయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకూ, ఆయాలకూ గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ఇవన్నీ నువ్వు చివర అనుబంధంలో పడేశావు. అలా వద్దు. ఆ 42 రోజులు ఆమె పొద్దున్నే లేచి ఏం చేసింది? కిరాణా కొట్లో ఖాతా ఎంతయింది? సెంటరు గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్లిన పిల్లలున్నారా?

భాష విషయం ఒకటే చెబుతాను. "పిల్లలను విడిచి నేనెలా వెళ్లగలను" అని ఆమె చేత అనిపించావు. ఆమె అలా అనలేదని నాకు తెలుసు. "గుంటల్నొగ్గీసి ఎలగెల్తానమ్మా" అని ఉంటుంది. మనం మాట్లాడేదే రాయాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారిది మన జిల్లానే. ఆమె మాట దిద్దకు. శ్రీకాకుళం వెళ్లినప్పుడు, కారా మాస్టారు (కాళీపట్నం రామారావుగారు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయంలో ఒక పూట కూర్చుని, మనవాళ్లు మన మాటని కాగితం మీద ఎలా నిలబెట్టారో చూసి రా.

ఇంకొక్క మాట. ఆ బరువుల పుస్తకంలో పేర్లుంటాయి. అప్పుడు పసుపులో ఉన్న చుక్క ఇవాళ మీ వీధిలో పిల్లల తండ్రి. ఎవరి పేరూ అచ్చులోకి రానివ్వకు.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. కొట్టేసిన మొదటి పేజీ సంగతి తరవాత చూద్దాం. ఆయా చెప్పింది రాసుకొని పట్టుకురా.

మీ మాస్టారు,
విజయనగరం