గరుకు పోకుండా కారుకు పాలిష్ పెట్టించవద్దు

ప్రశ్న: మూడేళ్ళ కిందట కొన్న తెల్ల కారును ప్రతి ఆదివారం నేనే కడుక్కుంటాను. అయినా డిక్కీ మీద, వెనుక డోర్ల కింది భాగంలో ఆవగింజలో సగం కూడా లేని తుప్పు రంగు చుక్కలు కనిపిస్తున్నాయి. అరచేత్తో నిమిరితే గరుకుగా తగులుతున్నాయి. ఒక గ్యారేజీలో మెషీన్ పాలిష్ చేసి వ్యాక్సు పెడితే పోతాయన్నారు. చేయించిన రెండు వారాలకే చుక్కలు మళ్ళీ తేలాయి, పైగా ఎండలో చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తున్నాయి. రేకు తుప్పు పట్టిందా? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి చూస్తే తుప్పు పట్టింది రేకు కాదు, పెయింటులో గుచ్చుకున్న ఇనుప రజను. బ్రేకు నొక్కిన ప్రతిసారీ డిస్కు నుంచి సన్నటి ఇనుము రాలుతుంది. రైలు చక్రాలు పట్టాల మీద ఒరుసుకున్నప్పుడూ, వెల్డింగు, గ్రైండింగు పనులు జరిగే చోటా అటువంటి రజనే గాలిలోకి లేస్తుంది. అది పెయింటు పై పొర అయిన క్లియర్ కోటులో నాటుకుని, తేమ తగిలి తుప్పు పట్టి, చుట్టూ గోధుమ రంగు మరక వదులుతుంది. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, రైలు యార్డులు, ఆటోనగర్ వర్క్‌షాపులు ఉండి, ఏడాది పొడవునా ఉప్పుగాలి వీచే విశాఖలో ఈ సమస్య రావడంలో ఆశ్చర్యం లేదు. నల్ల కారుకూ ఇదే జరుగుతుంది కాని, కంటికి కనిపించదు.

గ్యారేజీలో జరిగిన పొరపాటు వరుస తప్పడమే. పాలిషింగ్ ప్యాడ్ ఆ చుక్కల తలలను మాత్రమే అరగదీసింది, మొదళ్ళు లోపలే ఉండిపోయాయి. ఊడివచ్చిన రేణువులు ప్యాడ్‌లో ఇరుక్కుని దానితోపాటే గిరగిరా తిరగడం వల్ల సాలెగూటి గీతలు పడి ఉంటాయి. క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లకు మించదు, అంటే తల వెంట్రుక కంటే పలచన. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది, మళ్ళీ రాదు. అందుకే పాలిష్‌కు ముందు చేయవలసిన పని గురించి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ముందుగా కారును నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు కడగండి. మన ఎండకు ఉదయం ఎనిమిది లోపు మొదలుపెట్టడం మేలు. మొదట ధారగా నీళ్ళు కొట్టి ఇసుకా ఉప్పూ వదిలించి, ఆ తరువాతే కారు షాంపూతో గుడ్డ వాడాలి; బట్టల సబ్బుపొడి వద్దు. తడి ఆరకముందు ఐరన్ రిమూవర్‌ను గరుకు ఉన్నచోటల్లా స్ప్రే చేయండి. ఒకటి రెండు నిమిషాల్లో ప్రతి చుక్క చుట్టూ ఊదా రంగు పుట్టి, తెల్ల డోరు మీద సన్నటి చారలుగా కిందికి కారుతుంది. అందులోని రసాయనం ఇనుముతో కలిసి దానిని నీటిలో కరిగే రూపానికి మార్చడమే ఆ రంగుకు కారణం. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది కనుక చేతి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట చేయండి. మూడు నాలుగు నిమిషాలకు, ఎండనివ్వకుండా నీళ్ళతో పూర్తిగా కడిగేయాలి. మళ్ళీ స్ప్రే చేసినప్పుడు ఊదా రంగు ఇంకా గట్టిగా వస్తే మరోసారి చేయవలసిందే. చక్రాల వెనుక తారు మచ్చలుంటే టార్ రిమూవర్‌తో గుడ్డ తడిపి, మచ్చ మీద నిమిషం ఆనించి తుడవండి. గోటితో గీకకూడదు.

ఆ తరువాతే క్లే బార్, అంటే పెయింటులో మిగిలిన పలుకులను లాగేసే మెత్తటి ముద్ద. ముందుగా వాడితే ఇనుప రజనునంతా ఈ మట్టిముద్దే ఈడ్చుకుపోయి గీతలు పెడుతుంది. సన్న రకం క్లే తీసుకుని, చపాతీ పిండిలా మెత్తబడేదాకా చేతిలో పిసికి, మూడు వేళ్ళకు సరిపడా బిళ్ళగా చేయండి. రెండడుగుల చదరం చొప్పున షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, ఒత్తకుండా ముందుకూ వెనక్కూ తిన్నగా జరపాలి, గుండ్రంగా తిప్పకూడదు. మొదట సర్‌సర్‌మని పట్టుకుంటూ జరిగి, కాసేపటికి చప్పుడు ఆగి, అద్దం మీద సబ్బులా జారుతుంది. అప్పుడు బిళ్ళను తిప్పి చూడండి, గోధుమ రంగు మురికి కనిపిస్తుంది. లోపలికి మడిచి కొత్త ముఖంతో పక్కకు వెళ్ళండి. క్లే నేల మీద పడితే ఎంత ఖరీదైనదైనా పారేయవలసిందే, ఒక్క ఇసుక రేణువు చాలు, డోరంతా గీయడానికి.

పని పూర్తయిందో లేదో కన్ను చెప్పలేదు. పలచటి ప్లాస్టిక్ కవరులో చేయి దూర్చి, తుడిచి ఆరబెట్టిన పెయింటు మీద తేలికగా నిమరండి; వట్టి వేళ్ళకు తగలని పలుకులు కవరు మీదుగా స్పష్టంగా తెలుస్తాయి. అవి లేకపోతేనే సాలెగూటి గీతల కోసం తేలిక పాలిష్ చేయించండి. క్లే పాత వ్యాక్సునూ లాగేస్తుంది కాబట్టి, సముద్రపు గాలిలో పెయింటును వట్టిగా వదలకుండా అదే రోజు వ్యాక్సు పెట్టండి. క్లే ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వద్దు. గరుకు లేకపోతే అసలు అవసరం లేదు.

ప్రశ్న: గీత పడిన డోరుకు పది రోజుల కిందట కొత్తగా పెయింటు వేయించాను. మిగతా కారుతోపాటు దానికీ క్లే పెట్టి వ్యాక్సు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఇప్పుడే వద్దండి. షోరూము కారుకు ఫ్యాక్టరీలో ఎక్కువ వేడితో పెయింటును గట్టిపరుస్తారు. బయట వేసిన పెయింటు పైకి ఆరినట్టున్నా, లోపలి ద్రావకం వారాల తరబడి మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది. పైన వ్యాక్సు పొర వేస్తే దానికి దారి మూసినట్టవుతుంది. పెయింటరు గడువు చెప్పి ఉంటే అదే పాటించండి, చెప్పకపోతే కనీసం నెల రోజులు ఆగండి. అంతవరకు ఆ డోరును మామూలు నీళ్ళతో, మెత్తటి గుడ్డతో మాత్రమే కడగండి. దాని మీద పక్షి రెట్ట పడితే మాత్రం సాయంత్రం దాకా ఉంచకుండా, తడి గుడ్డను కాసేపు కప్పి నానబెట్టి వెంటనే తీసేయండి.