మళ్లీ ఆ పార్కుకేనా?

ఏటా ఒకే థీమ్ పార్కుకు వెళ్లే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొన్నేళ్లుగా సెలవులంటే ఒకే పార్కు. తిరిగొచ్చిన వారానికే వచ్చే ఏడాది తేదీలు చూసుకోవడం మొదలవుతుంది. ఇది వ్యసనమా? కొత్త చోటికి వెళ్లాలని ఎందుకు అనిపించదు?

జవాబు: వ్యసనం అనేంత పెద్ద మాట అక్కర్లేదు. ఒకదాన్ని పదే పదే చూస్తుంటే, ఆ చూడటం వల్లే దానిమీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయెన్స్ 1968లోనే చూపించారు. ఒకసారి చేసిన పనిని మళ్లీ చేస్తే విసుగొస్తుందని మనం ముందే అనుకుంటామనీ, తీరా చేసినప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువగా ఆనందిస్తామనీ ఎడ్ ఓబ్రయన్ అనే పరిశోధకుడు 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది.

అయితే అసలు కారణం పార్కు కట్టిన తీరులోనే ఉందని మా అభిప్రాయం. మొదటిసారి వెళ్లినవారి చేతిలో మ్యాపు ఉంటుంది, మనసంతా ఏ రైడ్ ఎటు, ఏ క్యూ ఎంత అన్న లెక్కలోనే ఉంటుంది. చుట్టూ ఉన్నది కనబడేది ఆ లెక్కలు తీరాకే. 1955లో తెరిచిన డిస్నీల్యాండ్‌లో కోట ఎత్తు 77 అడుగులే. పైకి వెళ్లేకొద్దీ రాళ్లను, కిటికీలను చిన్నవి చేస్తూ పోవడంతో కింద నిలబడి చూసేవారికి అది ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. ప్రవేశ వీధిలోని భవనాల పై అంతస్తులనూ ఇలాగే కుదించి కట్టారు. మొదటి రోజు పరుగులో ఇవేవీ గమనించలేం. పార్కు తెలిసినదవుతున్న కొద్దీ చూడాల్సింది పెరుగుతుంది.

జాగ్రత్త పడాల్సిన గుర్తు ఒకటుంది. అప్పు చేసి వెళ్తున్నా, వెళ్లాక సంతోషం కాకుండా ‘హమ్మయ్య, ఈ ఏడు కూడా తప్పిపోలేదు’ అన్న ఊరట మాత్రమే మిగులుతున్నా, ఒక ఏడాది మానేసి చూడండి. ఇష్టమైతే రెండో ఏటికి ఇంకా గట్టిగా లాగుతుంది. లేకపోతే మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఏడాదికి ఒక్క ప్రయాణమే చేస్తాం. వార్షిక పాస్ గిట్టుబాటవుతుందా?

జవాబు: పాస్ ధరను ఒకరోజు టికెట్ ధరతో భాగించండి. 3.4 వచ్చిందనుకోండి, నాలుగో రోజు నుంచి మీకు లాభం. కానీ రెండు మూడు రోజులు వరసగా వెళ్లేవారు పోల్చాల్సింది ఒకరోజు టికెట్‌తో కాదు, చాలా పార్కులు అమ్మే బహుళ రోజుల టికెట్‌తో. అందులో రోజుకు పడే ధర తక్కువ. అలా పోలిస్తే చాలాసార్లు పాస్ ఓడిపోతుంది.

పాస్‌ను గెలిపించే చిట్కా ఒకటే. గడువు మొదటిసారి లోపలికి వెళ్లిన రోజు నుంచి 365 రోజులు లెక్కించే పార్కయితే, వచ్చే ఏడాది ప్రయాణాన్ని ఈ ఏటి తేదీకంటే ఒక వారం ముందే పెట్టుకోండి. ఒకే పాస్ మీద రెండు ప్రయాణాలు అయిపోతాయి. సీజన్ ముగిసేవరకే చెల్లే పాస్‌లతో ఇది కుదరదు. కొనేముందు మూడు సంగతులు చదవండి: పాస్ చెల్లని రోజులు ఏవి, పాస్ ఉన్నా రోజును ముందే బుక్ చేసుకోవాలా, గడువు తీరాక దానంతటదే రెన్యూ అవుతుందా. ఎక్కువమంది దెబ్బతినేది మూడోదానితో. పార్కింగ్ పాస్‌లో కలిసి ఉంటే ఆ మొత్తాన్నీ లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: బోర్డు మీద 40 నిమిషాలని ఉంటుంది, గంటన్నర నిలబెడతారు. ఇంకోసారి 60 అని ఉంటే అరగంటలో ఎక్కేస్తాం. ఈ లెక్క మనకు అందేదేనా?

జవాబు: చాలావరకు అందుతుంది. చేతి గడియారం ఉంటే చాలు. రోలర్ కోస్టర్ రైలు, జనం ఎక్కే తన స్టేషన్ నుంచి కదిలిన క్షణం నుంచి తర్వాతి రైలు కదిలే వరకు ఎన్ని సెకన్లో చూడండి. 90 సెకన్లనుకుంటే గంటకు 40 రైళ్లు. రైలుకు 24 సీట్లయితే 960 మంది. జంట సీట్లలో ముగ్గురు, ఐదుగురు ఉన్న కుటుంబాలు కూర్చున్నప్పుడు సీట్లు మిగిలిపోతాయి కాబట్టి పదో వంతు తీసేసి 860 అనుకోండి. ఇక క్యూలో ఒక వరసలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, మీ ముందున్న వరసల సంఖ్యతో గుణించండి. 430 మంది ఉంటే అరగంట.

ఈ అరగంట గంటన్నర ఎందుకవుతుందంటే, పక్కన డబ్బు కట్టినవారి క్యూ ఉంటుంది. 1999లో డిస్నీ పార్కుల్లో పెద్ద క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ మొదలైనప్పుడు అది ఉచితం. ఇప్పుడు ఇలాంటివి ఎక్కువ పార్కుల్లో డబ్బిచ్చి కొనుక్కునేవే. రెండు క్యూలు కలిసేచోట ఉద్యోగి అటు నుంచి ఎంతమందిని, ఇటు నుంచి ఎంతమందిని వదులుతున్నారో చూడండి. ప్రతి ముగ్గురిలో ఇద్దరిని అటువైపు నుంచే పంపుతుంటే మీ క్యూకు గంటకు 287 సీట్లే మిగులుతాయి. అదే 430 మందికి గంటన్నర పడుతుంది. బోర్డు మీద అంకె మారకముందే ఈ తేడా మీకు తెలిసిపోతుంది.

రెండో కారణం రైళ్ల సంఖ్య. రోలర్ కోస్టర్ ట్రాక్‌ను బ్లాకులుగా విభజిస్తారు. ఒక బ్లాకులో ఒకే రైలు ఉండాలి, ముందున్న బ్లాకు ఖాళీ అయితేనే వెనకది కదులుతుంది. రైళ్లు రెండు మూడు ఉంటే ఒకటి ఎక్కించుకుంటుండగా ఇంకొకటి తిరుగుతూ ఉంటుంది. ఒక్కటే ఉంటే తిరిగే మూడు నిమిషాలు, దించి ఎక్కించే నిమిషంన్నర కలిపి నాలుగున్నర నిమిషాలకొకటి బయలుదేరుతుంది. అంటే గంటకు 320 సీట్లు. క్యూలో చేరేముందు కాసేపు బయటే నిలబడి రైళ్ల రంగులో, నంబర్లో గమనించండి. మళ్లీ మళ్లీ అదే రైలు వస్తుంటే మధ్యాహ్నం రావడం మేలు. రద్దీ పెరిగితే రెండో రైలును తెస్తారు.

ఆగకుండా కదిలే బండ్లలో చీకటి గదుల గుండా తిప్పే రైడ్లకు ఈ చిక్కు లేదు. క్యూ ఎంత పొడవున్నా వేగంగా నడుస్తుంది. అందుకే వాటిని రద్దీ ఎక్కువుండే మధ్యాహ్నానికి ఉంచి, సీట్లు తక్కువున్న రైడ్లను గేట్లు తెరవగానే ముగించాలి. ఒంటరిగా ఎక్కడానికి సిద్ధమైతే ‘సింగిల్ రైడర్’ వరస అన్నిటికన్నా మంచి బేరం. కుటుంబాలు వదిలేసిన ఆ ఒక్క సీటు మీదే.

ప్రశ్న: నాకిష్టమైన కోస్టర్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఉదయం మందకొడిగా, రాత్రి భయంకరమైన వేగంతో. నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదు. గొలుసుతో కొండ ఎక్కించాక మామూలు కోస్టర్‌కు ఇంజను ఉండదు. ఆ ఎత్తు ఇచ్చిన శక్తితోనే చివరిదాకా రావాలి. దాన్ని తినేసేవి మూడు: చక్రాల ఒరిపిడి, బేరింగుల్లోని గ్రీజు, గాలి. చల్లటి ఉదయం గ్రీజు చిక్కగా ఉంటుంది, చక్రాల మీది పాలియురెథేన్ పొర ఇంకా వేడెక్కి ఉండదు. రోజంతా తిరిగాక రెండూ సర్దుకుంటాయి, రైలు జారుతుంది. నిండు రైలు ఖాళీ రైలుకంటే వేగాన్ని బాగా నిలుపుకుంటుంది. బరువు పెరిగినంతగా గాలి అడ్డు పెరగదు మరి. కొత్త చక్రాలు వేసిన వారం కూడా తేడా తెలుస్తుంది. చినుకుల్లో ట్రాక్ తడిసి ఒరిపిడి తగ్గితే వేగం ఇంకా పెరుగుతుంది. కానీ రాపిడితో పనిచేసే బ్రేకులు తడిలో పట్టు కోల్పోతాయి కాబట్టి వాన గట్టిగా కురిస్తే ఆపేస్తారు. అయస్కాంత బ్రేకులకు ఈ ఇబ్బంది లేదు.

కూర్చునే చోటు అంతకన్నా ముఖ్యం. మొదటి దిగుడులో ముందు వరస కొండ అంచు దాటేటప్పుడు రైలు ఇంకా గొలుసు వేగంతోనే ఉంటుంది. కాసేపు అలా వేలాడుతుంది. చివరి వరస అంచుకు వచ్చేసరికి రైలులో సగానికి పైగా కిందికి దూసుకుపోతుంటుంది, మిమ్మల్ని అంచు మీదుగా లాగేస్తుంది. సీట్లోంచి లేపేసే ఆ కుదుపు కావాలంటే వెనక్కి, గాలి, దృశ్యం కావాలంటే ముందుకి వెళ్లండి. చెక్క కోస్టర్లలో ఇంకో సంగతి: ఇరుసుకు సరిగ్గా పైనున్న సీటు ఎక్కువ అదురుతుంది, రెండు ఇరుసుల మధ్య సీటు మెత్తగా వెళ్తుంది. నడుము నొప్పి ఉన్నవారు స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు పక్కనుంచి చక్రాలెక్కడున్నాయో చూసి వరస ఎంచుకోవాలి.

అలా లేచిపోయే క్షణంలో రైలును పట్టి ఉంచేవి పట్టా కింద తిరిగే చక్రాలు. పైన బరువు మోసేవి, పక్కన ఒరిగేవి, కింద పట్టుకునేవి అని ప్రతిచోటా మూడు రకాలుంటాయి. కింది చక్రాలకు కోస్టర్ల రూపకర్త జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ పొందారు. పెద్ద పెద్ద దిగుళ్లు కట్టే ధైర్యం దానితోనే వచ్చింది.

ఒకే కోస్టర్‌ను ఏటా ఎక్కేవారు చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, గంట, చలా ఎండా, ఏ వరస, రైలు నిండుగా ఉందా అన్నవి రాస్తే చాలు. కొన్నేళ్లకు ఆ కోస్టర్ స్వభావం మీకు పట్టుబడుతుంది.

ప్రశ్న: ఎంతో దూరం వెళ్తే నాకిష్టమైన రైడ్ మూసి ఉంది. ఏడుపొచ్చింది.

జవాబు: ఆ బాధ మాకు అర్థమవుతుంది. రైడ్లు మూసేయడం రెండు రకాలు. ఏటా జరిగే మరమ్మతు మొదటిది. రైలును విప్పి, ఇరుసులను, వెల్డింగ్ అతుకులను పరీక్షిస్తారు. కంటికి కనబడని పగుళ్లను అయస్కాంత పొడి వంటి పద్ధతులతో వెతుకుతారు. చెక్క కోస్టరయితే అరిగిన పట్టాలను ముక్కలు ముక్కలుగా మారుస్తారు. దీన్ని రద్దీ తక్కువున్న నెలల్లో పెడతారు. అంటే క్యూలు లేవని మీరు ఎంచుకునే నెలల్లోనే! చాలా పార్కులు ఈ జాబితాను తమ సైట్‌లో ముందే పెడతాయి. విమానం టికెట్లు కొనేముందు అది చూడండి. అలంకరణ మార్చడానికీ మూస్తారు. డిస్నీల్యాండ్‌లోని దెయ్యాల ఇంటి రైడ్ హాంటెడ్ మాన్షన్‌కు 2001 నుంచి పండగ అలంకరణ వేస్తున్నారు. వేయడానికి ఒకసారి, తీయడానికి ఒకసారి అది ఆగుతుంది.

రెండో రకం తిరిగిరానిది. న్యూజెర్సీలో 2005లో తెరిచిన కింగ్డా కా 139 మీటర్ల ఎత్తుతో అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన కోస్టర్. 2024లో ఆగిపోయింది, మరుసటి ఏడాది కూల్చేశారు. ఏ రైడ్ అయినా శాశ్వతం కాదు. పాతబడిన రైడ్ అంటే ప్రాణమైతే ఈసారి రెండుసార్లు ఎక్కండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి క్యూలోని గోడలు, బోర్డులు, వెనక వినిపించే సంగీతం గమనిస్తూ. తర్వాత తలపుకొచ్చేవి ఎక్కువగా అవే.

ప్రశ్న: ఇదివరకు పది రైడ్లు ఎక్కేదాన్ని. ఇప్పుడు మూడో దానికే కళ్లు తిరుగుతున్నాయి.

జవాబు: వయసుతో ఇది చాలామందిలో కనిపిస్తుంది. లోపలి చెవి ఒకటి చెబుతుంటే కళ్లు ఇంకొకటి చెప్పడమే కారణం. గుండ్రంగా తిరిగేవి, తెర ముందు ఊగేవి ముందు మానేయండి. కోస్టర్లు చాలామందికి అంత ఇబ్బంది పెట్టవు. తెర రైడ్‌లో వికారం మొదలైతే కళ్లు మూసుకోండి, ఆరుబయట రైడ్‌లో అయితే దూరంగా కదలని దాన్ని చూడండి. ఖాళీ కడుపూ నిండు కడుపూ రెండూ చెరుపే. వాంతి రాకుండా వేసుకునే మాత్రను వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. ఇతర మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగాలి. రక్తపోటు, గుండె, మెడ సమస్యలుంటే క్యూ మొదట్లో ఉండే హెచ్చరిక బోర్డే తుది మాట.

ప్రశ్న: నాకు ప్రాణం, మా ఇంట్లోవాళ్లకు విసుగు. ఏం చేయను?

జవాబు: రోజును పంచుకోండి. గేటు తెరిచాక మొదటి రెండున్నర గంటలు మీవి, ఒంటరిగా. ఎక్కువ రైడ్లు అయ్యేది కూడా అప్పుడే. వాళ్లు నిద్ర లేచి తీరిగ్గా రావచ్చు. మధ్యాహ్నం ఏం చేయాలన్నది పూర్తిగా వాళ్ల ఇష్టం, మీరు సలహా కూడా ఇవ్వొద్దు. పసిపిల్లలుంటే ‘రైడర్ స్వాప్’ ఉందేమో అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు బిడ్డ దగ్గరుండి, మళ్లీ పెద్ద క్యూ కట్టకుండానే ఎక్కుతారు. పిల్లల ఎత్తు ఇంట్లోనే బూట్లతో కొలిచి వెళ్లండి. 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు చాలా రైడ్లకు హద్దు. క్యూ చివర కొలబద్ద దగ్గర వెనక్కి పంపితే ఆ పూటంతా పాడవుతుంది.

ఇంకొకటి: ఒక అనుభవాన్ని జనం దాని శిఖర క్షణంతోనూ ముగింపుతోనూ గుర్తుంచుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1990లలో చూపించారు. పార్కు మూసేవేళ అందరితోపాటు పార్కింగ్‌కు పరుగెత్తే అలసటే మీవాళ్లకు గుర్తుండిపోతోందేమో. గంట ముందే బయటకు రండి. ఆ గంటలో ఎక్కాల్సిన రైడ్‌ను మర్నాడు పొద్దున మీ ఒంటరి వేళలో ఎక్కొచ్చు.