ప్రశ్న – జవాబు: ప్రతిబింబం ఉండేది ఎక్కడ?

ప్రశ్న: ప్రతిబింబం అద్దం వెనుక, వస్తువు ఎంత దూరంలో ఉంటే అంతే దూరంలో ఏర్పడుతుందని మా విద్యార్థులు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. అద్దం చేతికిచ్చి ప్రతిబింబం ఎక్కడుందో చూపించమంటే మాత్రం చాలామంది అద్దం మీదే వేలు పెడతారు. ఈ విషయం వారికి స్వయంగా తెలిసివచ్చేలా చేయించదగిన ప్రయోగం ఏదైనా ఉందా? – ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

జవాబు: ఉంది. కాంతి పాఠంలో అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం. అద్దం వెనుకకు కాంతి వెళ్లదు కనుక బొమ్మ అద్దం మీదే ఉండాలని పిల్లలు అనుకుంటారు. ఆ ఆలోచనలో తర్కం ఉంది, దానిని తీసిపారేయకూడదు. ముందుగా వారికి ఇవ్వవలసింది వెనుక వైపు కూడా కనిపించే అద్దం. మామూలు పారదర్శక గాజు పలక ఆ పని చేస్తుంది, ఎందుకంటే అది తన మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని అవతలికి పోనిచ్చి, కొద్ది భాగాన్ని పరావర్తనం చేస్తుంది.

పలక అంచులకు టేపు అంటించండి. తెల్ల కాగితం మీద ఒక సరళరేఖ గీయించి, పలక ఆ రేఖ మీద నిటారుగా నిలబడేలా రెండు చివరలా ఆధారం పెట్టండి. పలకకు ముందు 10 సెంటీమీటర్ల దూరంలో ఒక సుద్దముక్కను నిలబెట్టి, టార్చి వెలుతురు దాని మీద మాత్రమే పడేలా చూడండి. గదిని కాస్త చీకటి చేస్తే ప్రతిబింబం స్పష్టంగా కనిపిస్తుంది. అంతే పొడవున్న రెండో సుద్దముక్కను పలక వెనుక పెట్టి, ప్రతిబింబంతో అది సరిగ్గా ఏకీభవించేవరకు జరపమనండి. ఈ ప్రయోగానికి ప్రాణం తరువాతి మెట్టులో ఉంది: చూసే విద్యార్థి తలను కుడికీ ఎడమకూ కదిలించాలి. ఒక్క చోట నుంచే చూస్తే, చూపు రేఖలో సుద్దముక్క ఎక్కడ ఉన్నా ప్రతిబింబంతో కలిసినట్లే తోస్తుంది; తల కదిలినా రెండూ విడిపోకుండా ఉండే స్థానం ఒక్కటే ఉంటుంది. ఆ స్థానాన్ని గుర్తించి కొలిస్తే అది కూడా 10 సెంటీమీటర్లకు దగ్గరగానే వస్తుంది. దూరాన్ని 5, 15, 20 సెంటీమీటర్లకు మార్చి మళ్లీ చేయించండి. వస్తువును, ప్రతిబింబ స్థానాన్ని కలిపే రేఖ పలక రేఖకు లంబంగా ఉందో లేదో కోణమానినితో పరీక్షించమనండి. గాజు మందంగా ఉంటే దాని రెండు ఉపరితలాల నుంచీ పరావర్తనం జరిగి రెండు ప్రతిబింబాలు కనిపిస్తాయి కాబట్టి పలుచని పలకనే ఎంచుకోవాలి.

ఇది గాజు సంగతి, అద్దం సంగతి కాదని తెలివైన విద్యార్థి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, చెప్పాలి కూడా. అప్పుడు పలక స్థానంలో పొట్టి అద్దాన్ని నిలబెట్టి, అద్దం కంటే పొడవైన రెండు పెన్సిళ్లను ముందొకటి, వెనుకొకటి ఉంచండి. ముందున్న పెన్సిలు ప్రతిబింబపు కింది భాగం అద్దంలోనూ, వెనుకనున్న పెన్సిలు పైభాగం అద్దం అంచుకు పైనా కనిపిస్తాయి. తల ఎటు కదిలినా ఈ రెండు భాగాలూ ఒకే పెన్సిలులా కలిసి ఉన్నాయంటే వెనుక పెన్సిలు ప్రతిబింబ స్థానంలోనే ఉన్నట్లు. మామూలు అద్దానికి వెండి పూత వెనుక వైపున ఉంటుంది కనుక దూరాలను ఆ పూత నుంచి కొలవాలి.

ఇంత చేశాకనే కిరణ చిత్రం గీయించండి. పరావర్తన కిరణాలు అద్దం వెనుకనున్న ఒక బిందువు నుంచి బయలుదేరినట్లుగా కంటిని చేరుతున్నాయని, నిజానికి అక్కడ కాంతి లేదని అప్పుడు చెబితే పిల్లలకు పట్టుబడుతుంది. ఆ చోట కాగితం పెట్టి చూడమనండి. దాని మీద ఏ బొమ్మా పడదు. వెంటనే ఒక పుటాకార దర్పణాన్ని (లోపలికి వంగిన అద్దాన్ని) కిటికీకి ఎదురుగా పట్టుకొని, కిటికీ బొమ్మను తలకిందులుగా కాగితం మీద పట్టించగలిగితే, మిథ్యా ప్రతిబింబానికీ నిజ ప్రతిబింబానికీ ఉన్న తేడాను నిర్వచనంగా చెప్పవలసిన అవసరం ఉండదు.

ప్రశ్న: గోడకున్న చిన్న అద్దం నుంచి వెనక్కి జరిగితే నిలువెత్తు రూపం కనిపిస్తుందని పిల్లలు పట్టుబడుతున్నారు. వారికి ఎలా చెప్పాలి? – మరొక ఉపాధ్యాయుడు

జవాబు: చెప్పకండి, చేయించండి. అద్దాన్ని గోడకు నిలువుగా ఆనించి బిగించాలి. అది కొంచెం వంగినా ఫలితం మారుతుంది. విద్యార్థి తన తల పైభాగం, పాదాలు కనిపించే చోట్లను చెబుతుండగా మరొకరు అద్దం మీద కాగితపు పట్టీలు అంటించాలి. తరువాత అతడు రెండు అడుగులు వెనక్కి వేస్తాడు, పట్టీలు మాత్రం జరపవలసిన అవసరం రాదు. కళ్లు నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న 150 సెంటీమీటర్ల విద్యార్థికి పట్టీలు సుమారు 70, 145 సెంటీమీటర్ల ఎత్తున పడతాయి; మధ్య దూరం 75, అంటే అతడి ఎత్తులో సగం. వెనక్కి జరిగితే ఏమవుతుందో జరగడానికి ముందే ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో రాసి ఉంచాలి, లేకుంటే ఫలితం చూశాక అందరూ ముందే తెలుసునంటారు.

ప్రశ్న: పతన, పరావర్తన కోణాలను, అంటే కాంతి అద్దం మీద పడే కోణాన్ని, తిరిగి వచ్చే కోణాన్ని చూపడానికి లేజర్ వాడవచ్చా? – ఒక శిక్షణార్థి

జవాబు: పిల్లల చేతికి ఇవ్వవద్దు, పొరపాటున కంట్లో పడితే ప్రమాదం. దువ్వెనను కాగితం మీద నిలబెట్టి, దాని మీదుగా టార్చి వెలుతురు ఏటవాలుగా పడనిస్తే పళ్ల సందుల నుంచి సన్నని వెలుగు గీతలు కాగితం పొడవునా పరుచుకుంటాయి. వాటికి అడ్డంగా అద్దాన్ని నిలబెట్టి, ఒక గీత వెళ్లిన దారిని, తిరిగి వచ్చిన దారిని పెన్సిలుతో గుర్తించాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కోణాన్ని లంబం నుంచి కాక అద్దం నుంచి కొలవడం, అందువల్ల కిరణాలను గుర్తించకముందే అద్దం రేఖకు లంబాన్ని గీయించండి. టార్చిని దూరంగా జరిపినకొద్దీ గీతలు దాదాపు సమాంతరంగా వస్తాయి. టార్చి బదులు ఎండను వాడితే గీతలు ఇంకా స్పష్టంగా ఉంటాయి కానీ, సూర్యుని వైపు నేరుగా గానీ అద్దంలో గానీ చూడకూడదని మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పాలి.