డాక్టర్ సలహా: పాత మౌస్ మార్చాక బొటనవేలి దగ్గర నొప్పి.. కొత్తది ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నా వయసు 33. హన్మకొండ నయీంనగర్‌లో ఉంటాను. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి ఓ గంటన్నర కంప్యూటర్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆట. 2010లో కొన్న గేమింగ్ మౌస్‌ను నిరుడు దసరా దాకా వాడాను. కుడిచేతి ఆకారం, 13 సెం.మీ. పొడవు, చేతిలో పెడితే చెయ్యి దానిమీద పడుకున్నట్టు ఉండేది. ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడుతుండటంతో పక్కన పెట్టాను. ఇప్పుడు వాడేది 60 గ్రాముల చిన్న వైర్‌లెస్ మౌస్, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పాతదాంట్లో 800 డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కు పంపే కౌంట్లు) ఉండేది. పెద్ద ఆటగాళ్లు 400 పెట్టుకుంటారని దోస్తు చెబితే ఇందులో అదే పెట్టాను. ఆటలో సెన్సిటివిటీ (మౌస్ కదలికకు చూపు ఎంత తిరగాలన్న సెట్టింగ్) అప్పుడూ ఇప్పుడూ 2. మూడు నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. రొట్టె తుంచినా, ఎనిమిది నెలల మా పాపను ఎత్తినా సుర్రుమంటోంది. మణికట్టుకు బ్యాండ్ కట్టినా తగ్గలేదు. ఇది మౌస్ వల్లేనా? పాతదానికి సరితూగేది ఇప్పుడు ఏముంది? చేతిని నిలువుగా పెట్టి పట్టుకునే వర్టికల్ మౌస్ మంచిదా?

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది డీక్వెర్వెయిన్ సమస్యలా ఉంది. బొటనవేలిని పక్కకు తెరిచే, పైకి లేపే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు ఎముక మీద ఒకే ఇరుకైన తొడుగులోంచి వెళ్తాయి. వేళ్లు బిగించి మణికట్టును అటూ ఇటూ తిప్పే పని రోజూ వందలసార్లు జరిగితే ఆ తొడుగు మందమవుతుంది. స్నాయువు కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. మన దగ్గర దీన్ని ‘నరం పట్టింది’ అని మర్దన చేయిస్తుంటారు. ఇది నరం కాదు. మందమైన తొడుగును గట్టిగా రుద్దితే నొప్పి పెరగడమే తప్ప తగ్గదు.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దానిమీద మూసి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి వైపు ఎముక మీద నొప్పి చురుక్కుమంటే అనుమానం బలపడినట్టే. ఎడమ చేతికీ చేసి పోల్చండి. బాగున్న చేతికి కూడా కొంచెం లాగినట్టు ఉంటుంది, రెండింటికీ తేడా ఎంతన్నదే లెక్క. ఒక్కసారి చాలు, రోజూ పరీక్షించుకుంటూ కూర్చోవద్దు.

మౌస్ వల్లేనా అంటే, కొంత మౌస్, కొంత పాప. చంకల కింద రెండు బొటనవేళ్లూ చాపి బిడ్డను పైకి లేపడం ఈ జబ్బుకు పెట్టింది పేరు. పసిపిల్లల తల్లుల్లో ఇది బాగా కనిపిస్తుంది, తండ్రులకూ రావచ్చు. ఇకమీదట ఒక చెయ్యి పిరుదుల కింద, ఇంకో చెయ్యి వీపు వెనక పెట్టి, పాపను ఛాతీకి ఆనించుకుని ఎత్తండి. బొటనవేలు మిగతా వేళ్లకు ఆనుకునే ఉండాలి.

ఇక మౌస్ సంగతి. కౌంటర్ స్ట్రైక్‌లో మౌస్ పంపే ఒక్కో కౌంట్‌కు చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది, దాన్ని సెన్సిటివిటీతో హెచ్చించాలి. 800 డీపీఐ, సెన్సిటివిటీ 2 ఉన్నప్పుడు ఆటలో పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మీ చెయ్యి 26 సెం.మీ. జరిగేది. డీపీఐ 400కి దించి, సెన్సిటివిటీ 2 దగ్గరే వదిలేసరికి అదే చుట్టుకు 52 సెం.మీ. కావాలి. మామూలు సైజు ప్యాడ్ అంత ఉండదు. కాబట్టి మీరు మౌస్‌ను మాటిమాటికీ ఎత్తి వెనక్కి తెచ్చి పెడుతున్నారు. ఎత్తాలంటే బొటనవేలు ఒకవైపు, ఉంగరపు, చిటికెన వేళ్లు ఇంకోవైపు బిగించాలి. 60 గ్రాములే కదా అనిపించొచ్చు. ఇక్కడ బాధ పెట్టేది బరువు కాదు, ఆ బిగింపు. సన్నటి మౌస్‌కు అదింకా ఎక్కువ కావాలి. దోస్తు చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పాడు. 400 పెట్టుకునే ఆటగాళ్లు చాలామంది పెద్ద ప్యాడ్ మీద, మోచేయి నుంచి చెయ్యంతా జరుపుతూ ఆడతారు.

ఇది ఈ రాత్రే సరిచేయొచ్చు. పాత సెన్సిటివిటీని పాత డీపీఐతో హెచ్చించి, కొత్త డీపీఐతో భాగించండి. 800 పెడితే 2, 1600 పెడితే 1, 400 దగ్గరే ఉంటానంటే 4. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ తీసేయండి. అది ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి పాయింటర్ దూరం మారిపోతుంది, చేతికి ఏ కొలతా అలవాటు కాదు. తర్వాత ప్యాడ్ పక్కన స్కేలు పెట్టి, ఒక చుట్టు తిరిగేసరికి మౌస్ ఎంత జరిగిందో కొలవండి. 26కి అటూ ఇటూగా వస్తే లెక్క కుదిరినట్టు.

పాత మౌస్ పేరు మీరు రాయలేదు. కొలతలు చూస్తే 2005లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్518, 2006 నాటి రేజర్ డెత్‌యాడర్ తరానిది. అరచెయ్యి మొత్తం ఆనించి పట్టుకునేవాళ్ల కోసం చేసిన ఆకారాలవి. కొత్తది కొనేముందు పాతదాన్ని కొలవండి. తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. బొటనవేలు, ఉంగరపు వేలు ఆనే చోట గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం రాసుకోండి. మూపురం ఎక్కడుందో, అంటే అన్నిటికంటే ఎత్తైన చోటు వెనక అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లో చూడండి. వంటింటి త్రాసు మీద తూయండి, కేబుల్‌ను మాత్రం చేత్తో పైకి పట్టుకోవాలి. ఇవే కొలతలు ఇప్పటి మౌస్‌కూ తీస్తే తేడా కళ్లకు కడుతుంది. మీ చేతికి ఎక్కువ తేడా తెలిసేది పొడవులో కాదు, వేళ్ల మధ్య వెడల్పులో, మూపురం చోటులో. మూపురం తక్కువగా ఉంటే అరచేతికి ఆసరా పోతుంది, మౌస్‌ను నిలబెట్టే పనంతా వేళ్లమీద పడుతుంది.

సరితూగేవాటిలో ముందు చెప్పాల్సింది ఎంఎక్స్518 లెజెండరీ. పాత ఆకారంలోనే, కదలికను గుర్తించే ‘హీరో’ అనే కొత్త సెన్సర్ పెట్టి 2019లో మళ్లీ తెచ్చారు. మీది ఆ మౌసే అయితే, కొత్తది దొరికినప్పుడు వదలకండి. అది కుదరకపోతే డెత్‌యాడర్ ఎసెన్షియల్ చూడొచ్చు. పొడవు 12.7 సెం.మీ., బరువు 96 గ్రాములు, పాత మౌస్ ఒళ్లు దీనికి ఉంటుంది. తేలికది కావాలంటే డెత్‌యాడర్ వీ3 ప్రో, మూపురం బాగా ఎత్తు, బరువు 63 గ్రాములు. పాతది మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ 3.0 అయ్యుంటే జోవీ కంపెనీ ఈసీ వరసవి దానికి దగ్గరగా ఉంటాయి. అందులో ఈసీ1 పెద్దది, ఈసీ2 కొంచెం చిన్నది. షాపుకు వెళ్తే ఆ కాగితం తీసుకెళ్లి, గీత మీద మౌస్ పెట్టి చూడండి. పెట్టె మీది 26,000 డీపీఐ, 8,000 హెర్ట్జ్ లాంటి అంకెల కోసం డబ్బు పెట్టొద్దు, అవి మీ స్నాయువుకు తెలియవు.

ఇంకో మాట. పాత మౌసుల్లో చాలావాటిలో చేతి వణుకును సర్ది గీతను తిన్నగా చూపే ప్రిడిక్షన్ ఉండేది. మంచి కొత్త సెన్సర్లు చెయ్యి ఎలా కదిలితే అలాగే చూపిస్తాయి. అందుకే మొదటి పది, పదిహేను రోజులు గురి వణికినట్టు ఉంటుంది. అది చూసి పట్టు బిగిస్తే నొప్పి మళ్లీ మొదలవుతుంది.

వర్టికల్ మౌస్ ఇప్పుడు వద్దు. ముంజేయి మెలిక తగ్గుతుంది నిజమే, కానీ దాన్ని పక్కనుంచి పట్టేది బొటనవేలే. బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ అయితే అసలే వద్దు. ఇప్పుడున్న చిన్న మౌస్‌ను పారేయకండి. రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి ఆఫీసు పనికి ఎడమ చేతితో వాడండి. విండోస్‌లో ప్రైమరీ బటన్ మార్చుకుంటే సరి. వారం చిరాకుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

బ్యాండ్ పనిచేయకపోవడానికి కారణం, అది మణికట్టునే పట్టుకుని బొటనవేలిని వదిలేస్తుంది. సర్జికల్ షాపులో ‘థంబ్ స్పైకా’ స్ప్లింట్ అడగండి. బొటనవేలి మొదలు కదలకుండా, కొన మాత్రం వంగేలా ఉండాలి. నాలుగు నుంచి ఆరు వారాలు, స్నానం తప్ప వీలైనంతసేపు వేసుకోండి. మొదటి మూడు వారాలు ఆట బంద్. ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి, డైక్లోఫెనాక్ జెల్ పైపైన రాయండి, రుద్దొద్దు. నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. ఫోన్‌లో బొటనవేలితో టైపింగ్ కూడా ఇదే స్నాయువుల మీద పడుతుంది, ఈ నెలంతా మాటతో పంపండి. ఆట మళ్లీ మొదలుపెట్టినప్పుడు రోజుకు ఇరవై నిమిషాలు. మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే ఇంకో పది నిమిషాలు కలపండి.

పాతదాన్ని బాగుచేయించొచ్చా అన్నది మీరు అడగలేదు, కానీ చేయించొచ్చు. క్లిక్ కింద మూడు కాళ్ల చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. అందులోని రాగి రేకు బిగువు తగ్గి, నొక్కినప్పుడు ఎగిరి మళ్లీ తగులుతుంది, అదే రెండో క్లిక్. మౌస్ అడుగున జారే కాళ్ల కింద స్క్రూలు దాగి ఉంటాయి. టంకం పని చేసే మొబైల్ రిపేరు షాపులో అదే సైజు స్విచ్ వేయించి, జారే కాళ్లు కొత్తవి అంటించండి. కదిపినప్పుడల్లా కనెక్షన్ పోతుంటే కేబుల్ మౌస్‌లోకి వెళ్లే చోట లోపల తెగి ఉంటుంది, అదీ చూపించండి.

ఆరు వారాల్లో తగ్గకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆర్థోపెడిక్ ఓపీలో గానీ, మీకు దగ్గర్లోని ఎముకల డాక్టరుకు గానీ చూపించుకోండి. తొడుగులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గుతుంది. సూది వేసిన చోట చర్మం కొంచెం తెల్లబడొచ్చు, షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది, ముందే చెప్పండి. రాత్రుళ్లు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారి మెలకువ వస్తుంటే మాత్రం ఆరు వారాలు ఆగొద్దు. అది మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ కావచ్చు, నరాల పరీక్షతో పాటు షుగర్, థైరాయిడ్ కూడా చూడాలి. ఆ చోట ఎర్రబడి, వేడిగా, జ్వరంతో ఉంటే అదే రోజు వెళ్లండి.